జిగుర్డ్స్ ఖాతా

లియెపాయాలో జనవరి.
సముద్రపు గాలి మోసుకొచ్చిన ఉప్పు
కిటికీ అద్దం మీద పెళుసుగా పగులుతోంది.
ఊరికి వేడినీళ్ళు పంపే కార్ఖానా, మూడో అంతస్తు.
విజ్మా, రెండు తెరలు, చల్లారిన కాఫీ.

తెర నిండా గీతలు,
బండ మీద గీసిన పులిజూదంలా.
మూడువందల పన్నెండు చుక్కలు:
ఒకటి జీతాల కంప్యూటరు,
ఒకటి క్యాంటీన్ ప్రింటరు,
ఒకటి రేవు పక్క పంపు,
ఒకటి పాత ఆసుపత్రికి వేడి వదిలే వాల్వు.
చుక్కకీ చుక్కకీ మధ్య నమ్మకం.
నమ్మకమంటే ఇక్కడ
"నువ్వెవరు" అని రెండోసారి అడగకపోవడం.

పులి ఏ గీత మీంచి దూకుతుందో
మోడల్ చెబుతుంది.
దానికి అక్షరాభ్యాసం చేయించింది దొంగతనాలే.
పదకొండేళ్ళ చిట్టాలు,
ఎక్కడెక్కడో కొల్లబోయిన బడులవి, బ్యాంకులవి, ఓడరేవులవి,
అర్ధరాత్రి లాగిన్లు.
మంచివాళ్ళ గురించి దానికేమీ తెలియదు.
చెడ్డవాళ్ళ గురించీ తెలియదు.
తెలిసిందల్లా అడుగు తర్వాత అడుగు.

ఈ రాత్రి ఎర్రగా వెలిగిన దారి:
ప్రింటరు నుంచి జీతాల గదికి,
అక్కణ్నుంచి ఒక ఖాతాకి,
ఖాతాలోంచి తిన్నగా ఆసుపత్రి వాల్వుకి.
వస్తే ఇటే వస్తాడని
నూటికి ఎనభై మూడు.
ఆ ఖాతా పేరు జిగుర్డ్స్.

జిగుర్డ్స్ పోయి రెండేళ్ళు.
బాయిలర్ల మనిషి.
పైపుకి చెవి ఆనించి
గాలి ఎక్కడ ఇరుక్కుందో చెప్పేవాడు.
కంప్యూటరంటే గిట్టేది కాదు.
అయినా అరవై దాటాక, మనవడి దగ్గర నేర్చుకుని
ఒక చిన్న ప్రోగ్రాం రాసిపెట్టాడు.
రోజూ ఉదయం ఐదూ నలభైకి
అది అందరి ఫోన్లకీ ఒకటే పంపుతుంది:
"బయట మైనస్ తొమ్మిది. లోపల మనం ఉన్నాం.
టోపీ మరచిపోకండి."
అంకె ఒక్కటే మారుతుంది.

ఖాతా మూసేయమని మూడుసార్లు కాగితం వచ్చింది.
మూడుసార్లూ ఎవరో ఒకరు
"వచ్చే వారం" అన్నారు.
ఒకసారి విజ్మాయే అంది.

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు.
మరి ఇంటి మనిషి చచ్చిపోయి
వాడి తాళంచెవి ఇంకా గుమ్మానికే వేలాడుతుంటే
దొంగ వేరే దారి ఎందుకు వెతుక్కుంటాడు?

మోడల్‌కి చావు తెలియదు.
రెండేళ్ళుగా ఒక్క పూటా తప్పకుండా
అదే నిమిషానికి లేచే ఉద్యోగి
దాని లెక్కలో మహా బుద్ధిమంతుడు.

ఫోన్‌లో దైగా, రాత్రి షిఫ్టు పెద్ద:
"వస్తున్నాడా ఎవడైనా?"
"తెలీదు. వస్తే ఇటే."
"రాకపోతే?"
"దానికి అంకె లేదు."
కాసేపు పైపుల చప్పుడు.
"ఆ ఉదయం మాట ఇంకో ఖాతాలోంచి పంపొచ్చుగా?"
"పంపొచ్చు" అంది విజ్మా.
అప్పుడది ఎవరి మాట అవుతుందో
ఇద్దరూ అడగలేదు.

ఎక్కడో, ఏ గదిలోనో,
ఇంకొకడు ఇదే పలక గీసుకుంటూ ఉండొచ్చు.
వాడి కాఫీ వేడిగా ఉందేమో.

నాలుగుంపావుకి మేకని జరిపింది.
ఒక గీత తెగింది.
మోడల్ మళ్ళీ లెక్క వేసుకుంది,
ఎవరినీ పరామర్శించకుండా.
ఎర్రదారి వాడిపోయి
రేవు పక్క పంపు దగ్గర పసుపు మొలిచింది:
నూటికి ముప్ఫై ఒకటి.
అది రేపటి పని.

ఐదూ నలభై.
ఏ ఫోనూ మోగలేదు.
కింద బాయిలర్ల దగ్గర ఒక వెల్డరు
ఫోన్ తీసి చూసుకుని, జేబులో పెట్టుకుని,
మళ్ళీ తీసి చూసుకున్నాడు.
ఆసుపత్రి వార్డుల్లో వేడి మామూలుగానే ఉంది.
అక్కడెవరికీ ఏదీ తెలియదు.
తెలియాల్సిన పనీ లేదు.

ఎనిమిదింటికి షిఫ్టు దిగి
ట్రామ్ స్టాపు దాకా నడిచాక
విజ్మాకి చెవులు మండాయి.
టోపీ బల్ల మీదే ఉండిపోయింది.